ఐమ్యాప్‌లో స్పామ్ గుర్తులు చదవడం: ఫోల్డర్, కీవర్డ్, హెడర్‌లలో ఎవరి మాట వినాలి?

సర్వర్‌లో ఉన్న మెయిల్‌ను చూడటానికి వాడే ఐమ్యాప్ అనే పద్ధతి ద్వారా మెయిల్ చదివే ప్రోగ్రామ్ రాసేవారికి ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న ఎదురవుతుంది: ఈ మెయిల్ స్పామా, కాదా అన్నది సర్వర్‌నే అడిగి తెలుసుకోవచ్చా? చదివిన మెయిల్‌కు ఒక ఫ్లాగ్, అంటే గుర్తు, ఉంది, జవాబిచ్చినదానికి ఒకటి ఉంది, సగం రాసి వదిలేసినదానికి ఒకటి ఉంది. స్పామ్‌కూ ఒకటి ఉండే ఉంటుందని లైబ్రరీ పత్రాలన్నీ తిరగేస్తారు. అలాంటి సిస్టమ్ ఫ్లాగ్ ఏదీ లేదు. 2003లో వచ్చిన ఐమ్యాప్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3501 ప్రకారం సిస్టమ్ ఫ్లాగ్‌లు ఆరే: సీన్, ఆన్సర్డ్, ఫ్లాగ్డ్, డిలీటెడ్, డ్రాఫ్ట్, రీసెంట్. 2021లో దాని స్థానంలోకి వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9051 రీసెంట్‌ను తీసి పక్కన పెట్టింది గానీ, స్పామ్‌ను ఆ వరుసలో చేర్చలేదు. ఫ్లాగ్డ్ అనే పేరు చూసి ఇదేనేమో అనుకునేవారున్నారు. అది మెయిల్ పక్కన కనిపించే నక్షత్రం గుర్తు. వాడుకరి ముఖ్యమని ఎంచిన వాటికి పెట్టుకునేది.

మరి స్పామ్ సమాచారం ఎక్కడ ఉంటుంది? మూడు చోట్ల: మెయిల్ పడిన ఫోల్డర్‌లో, మెయిల్‌కు తగిలించిన కీవర్డ్‌లో, మెయిల్ పైన రాసి ఉన్న హెడర్‌లో. హెడర్ రాసేది సర్వర్ మీద నడిచే స్పామ్ ఫిల్టర్. ఫోల్డర్‌లోకి పంపేది ఆ ఫిల్టర్ తర్వాత నడిచే డెలివరీ నియమం, లేదంటే వాడుకరి. కీవర్డ్ పెట్టేది ఎక్కువగా వాడుకరి కంప్యూటర్‌లోనో ఫోనులోనో ఉన్న మెయిల్ ప్రోగ్రామ్. ఒకటి అవునంటుంటే ఇంకొకటి కాదనడం రోజూ జరిగేదే. కమాండ్‌లు నేర్చుకోవడం గంట పని. ఏ గుర్తును ఎవరు పెట్టారో, వారి మాటకు ఎంత విలువ ఇవ్వాలో తేల్చుకోవడమే ఈ పనిలో అసలు మెలిక. ఈ వ్యాసం నడక కూడా అటే.

చేతికి కావలసినవి

పైథాన్ 3.9 లేదా ఆ తర్వాతది చాలు. దానితో పాటే వచ్చే ఐమ్యాప్‌లిబ్ మాడ్యూల్‌తో అంతా చేయవచ్చు. కానీ అది సర్వర్ జవాబును దాదాపు పచ్చిగానే మన చేతిలో పెడుతుంది. రోజువారీ పనికి ఐమ్యాప్‌క్లయింట్ అనే విడి లైబ్రరీ మేలు. లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవాలంటే మాత్రం ఐమ్యాప్‌లిబ్‌తో ఒకసారి కుస్తీ పట్టాల్సిందే.

కమాండ్‌లను, హెడర్ పేర్లను ఇక్కడ పలికినట్టుగా తెలుగు లిపిలో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు అవి ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. డాలరు గుర్తు, హైఫన్, చుక్క వచ్చిన చోట విడిగా చెబుతాను, ఎందుకంటే తప్పులు దొర్లేది అక్కడే.

లాగిన్ సంగతి. జీమెయిల్‌లో మామూలు పాస్‌వర్డ్‌తో ఐమ్యాప్‌లోకి వెళ్లే రోజులు పోయాయి. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి, లేదా పాస్‌వర్డ్ బదులు పనిచేసే ఓఆత్ 2 టోకెన్ వాడాలి. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌చేంజ్ ఆన్‌లైన్ 2022 అక్టోబరు నుంచి పాస్‌వర్డ్ లాగిన్‌ను మూసేస్తూ వచ్చింది. అక్కడ ఓఆత్ ఒక్కటే దారి. ఆఫీసు సర్వర్ అయితే మీ నిర్వాహకుడిని అడగండి. అడిగేటప్పుడే, అక్కడ నడిచే స్పామ్ ఫిల్టర్ ఏదో కూడా కనుక్కోండి. నాలుగో అడుగులో ఆ ఒక్క సమాచారం చాలా శ్రమ తప్పిస్తుంది.

1. చదవడానికి మాత్రమే తెరవండి

993 పోర్టులో టీఎల్‌ఎస్ కనెక్షన్ తెరిచి లాగిన్ అవ్వండి. కనెక్షన్‌కు టైమవుట్ ఇవ్వడం మరవకండి. ఐమ్యాప్‌లిబ్‌లో ఆ సదుపాయం 3.9 నుంచే ఉంది. అది ఇవ్వకపోతే సర్వర్ పలకనప్పుడు ప్రోగ్రామ్ ఊరికే వేలాడుతూ ఉంటుంది.

లాగిన్ అయ్యాక, సర్వర్‌కు ఏయే సదుపాయాలు ఉన్నాయో చెప్పే కేపబిలిటీ కమాండ్ మళ్లీ పంపండి. చాలా సర్వర్లు లాగిన్‌కు ముందు ఒక చిన్న జాబితా, తర్వాత పెద్ద జాబితా ఇస్తాయి. ఐమ్యాప్‌లిబ్ కనెక్ట్ అయిన క్షణంలో తెచ్చుకున్న పాత జాబితానే పట్టుకుని ఉంటుంది కాబట్టి దాన్ని నమ్ముకోవద్దు. కొత్త జాబితాలో స్పెషల్-యూజ్, మూవ్, యూఐడీప్లస్, కండ్‌స్టోర్ ఉన్నాయేమో రాసిపెట్టుకోండి. నాలుగూ ముందు ముందు అవసరపడతాయి.

ఫోల్డర్‌ను సెలెక్ట్ కమాండ్‌తో కాకుండా ఎగ్జామిన్ కమాండ్‌తో తెరవండి. పైథాన్‌లో సెలెక్ట్ ఫంక్షన్‌కే రీడ్‌ఓన్లీ నిజమని చెబితే అదే జరుగుతుంది. ఇలా తెరిస్తే మీ ప్రోగ్రామ్ పొరపాటున కూడా ఏ ఫ్లాగ్‌నూ మార్చలేదు. స్పామ్ కోసం వెతుకుతూ వాడుకరి మెయిల్స్ అన్నీ చదివినట్టు మార్చేసే ప్రోగ్రామ్‌ను ఎవరూ రెండోసారి నడపనివ్వరు.

2. జంక్ ఫోల్డర్ ఏదో కనుక్కోండి

మూడింటిలో అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు ఇదే, అందుకే మొదట దీన్ని పట్టుకోవాలి. ఫోల్డర్ పేరును ప్రోగ్రామ్‌లో గట్టిగా రాసేయడం చాలామంది చేసే పని. ఒక సర్వర్‌లో జంక్, ఇంకోచోట స్పామ్, మైక్రోసాఫ్ట్ దగ్గర జంక్ ఈ-మెయిల్; జీమెయిల్‌లో చదరపు బ్రాకెట్లలో జీమెయిల్ అని, ఏటవాలు గీత తర్వాత స్పామ్ అని ఉంటుంది. ఆ ఖాతాను వేరే భాషలోకి మారిస్తే ఆ పేరు కూడా మారిపోతుంది.

ఈ తలనొప్పి తీర్చడానికే 2011లో ఆర్‌ఎఫ్‌సీ 6154 వచ్చింది. దాని ప్రకారం సర్వర్ ఫోల్డర్ల జాబితా ఇచ్చేటప్పుడు ఒక్కో ఫోల్డర్ పక్కన దాని ఉపయోగాన్ని కూడా చెబుతుంది: సెంట్, డ్రాఫ్ట్స్, ట్రాష్, ఆర్కైవ్, జంక్. ఈ గుణాలకు ముందు బ్యాక్‌స్లాష్ ఉంటుంది. లిస్ట్ కమాండ్ పంపి, జవాబులోని ప్రతి వరుసలో బ్యాక్‌స్లాష్ జంక్ ఉందేమో చూడండి. అది ఉన్న ఫోల్డర్ పేరు ఏ భాషలో ఉన్నా మనకు కావలసింది అదే. కొన్ని సర్వర్లు అడగకుండానే చెబుతాయి. కొన్నిటికి లిస్ట్ చివర రిటర్న్ అని, బ్రాకెట్లలో స్పెషల్-యూజ్ అని జోడిస్తేనే చెబుతాయి. ఐమ్యాప్‌క్లయింట్‌లో అయితే ఫైండ్ స్పెషల్ ఫోల్డర్ అనే ఫంక్షన్ ఈ గాలింపు అంతా తనే చేస్తుంది.

తెలుగు పేరున్న ఫోల్డర్లు ఉన్న ఖాతాతో పని చేస్తే ఇక్కడ ఒక వింత కనిపిస్తుంది. పాత ఐమ్యాప్‌లో ఫోల్డర్ పేర్లు ఆస్కీ దాటి వెళ్లలేవు. తెలుగు అక్షరాలను మార్పు చేసిన యూటీఎఫ్-7 అనే పద్ధతిలో మూటగట్టి పంపుతారు. పేరు ఆంపర్‌సాండ్‌తో మొదలై, మధ్యలో అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు వచ్చి, హైఫన్‌తో ముగుస్తుంది. అది పాడైపోయిన డేటా కాదు. మామూలు బేస్64నే కొద్దిగా మార్చి, ఏటవాలు గీత బదులు కామా పెట్టారు. ఐమ్యాప్‌లిబ్ దీన్ని విప్పదు. ఐమ్యాప్‌క్లయింట్ విప్పి తెలుగులోనే చూపిస్తుంది. ఫోల్డర్ తెరవడానికి మాత్రం సర్వర్ ఇచ్చిన మూట పేరునే యథాతథంగా తిరిగి పంపితే సరిపోతుంది, విప్పాల్సిన పని లేదు.

జంక్ గుణం ఎక్కడా కనిపించకపోతే? తెలిసిన పేర్ల చిన్న జాబితాతో పోల్చి చూడటం ఒక్కటే మిగిలిన దారి. అప్పుడు కూడా దొరికిన పేరును సెట్టింగ్‌లో వాడుకరికి చూపించి ఖాయం చేసుకోండి. జీమెయిల్‌లో ఇంకో కిటుకు ఉంది: లేబుల్స్ సెట్టింగ్‌లో స్పామ్ ఎదురుగా ఐమ్యాప్‌లో చూపించు అనే టిక్కు ఉంటుంది. దాన్ని ఎవరైనా తీసేస్తే ఆ ఫోల్డర్ మీ జాబితాలోకే రాదు. ఆల్ మెయిల్ ఉంది కదా, అందులో వెతుక్కుందాం అనుకుంటే కుదరదు; స్పామ్, ట్రాష్ రెండూ ఆల్ మెయిల్‌లో చేరవు.

3. కీవర్డ్‌లు చదవండి

బ్యాక్‌స్లాష్ లేని ఫ్లాగ్‌లను కీవర్డ్‌లు అంటారు. వీటిని ఎవరైనా, ఏ పేరుతోనైనా సృష్టించుకోవచ్చు, సర్వర్ ఒప్పుకుంటే చాలు. ఫోల్డర్ తెరిచినప్పుడు వచ్చే పర్మనెంట్‌ఫ్లాగ్స్ జవాబులో బ్యాక్‌స్లాష్, దాని పక్కన నక్షత్రం కనిపిస్తే ఒప్పుకుంటుందని అర్థం. ఎగ్జామిన్‌తో తెరిస్తే ఈ జాబితా ఖాళీగా రావచ్చు, కంగారు పడవద్దు. చదవడానికే తెరిచాం కాబట్టి శాశ్వతంగా మార్చగలిగే ఫ్లాగ్‌లు లేవని సర్వర్ చెబుతోందంతే.

స్పామ్‌కు సంబంధించి ఆర్‌ఎఫ్‌సీ 9051 గుర్తించిన కీవర్డ్‌లు మూడు. డాలరు గుర్తు, వెంటనే జంక్; డాలరు గుర్తు, వెంటనే నాట్‌జంక్; డాలరు గుర్తు, వెంటనే ఫిషింగ్. ప్రమాణం అలా చెప్పింది గానీ, దానికి చాలా ముందునుంచే మెయిల్ ప్రోగ్రామ్‌లు ఎవరి దారిన అవి నడిచాయి. థండర్‌బర్డ్ డాలరు లేకుండా జంక్ అని రాస్తుంది, దాని వ్యతిరేకానికి నాన్‌జంక్ అంటుంది. ఆపిల్ మెయిల్ వాడిన పెట్టెల్లో డాలరు ఉన్న జంక్, నాట్‌జంక్‌లతో పాటు డాలరు లేని నాట్‌జంక్, జంక్‌రికార్డెడ్ కూడా కనిపిస్తాయి. జీమెయిల్ తన జాబితాలో డాలరు ఉన్న ఫిషింగ్, నాట్‌ఫిషింగ్‌లను చూపిస్తుంది. ఈ పేర్లన్నిటినీ రెండు గుంపులుగా చేసి ప్రోగ్రామ్‌లో పెట్టుకోండి. కీవర్డ్‌లకు చిన్న, పెద్ద అక్షరాల తేడా లేదు కాబట్టి పోల్చే ముందు అన్నిటినీ చిన్న అక్షరాల్లోకి మార్చండి. జంక్‌రికార్డెడ్‌ను మాత్రం స్పామ్ గుంపులో వేయవద్దు. ఫిల్టర్ ఈ మెయిల్‌ను లెక్కలోకి తీసుకుందన్న గుర్తు అది, తీర్పు కాదు.

చదవడం తేలిక. యూఐడీ ఫెచ్ కమాండ్‌కు మెయిల్ సంఖ్యల శ్రేణి ఇచ్చి, ఫ్లాగ్స్ అడగండి. జవాబు ఇలా ఉంటుంది:

* 37 ఫెచ్ (యూఐడీ 4512 ఫ్లాగ్స్ (\సీన్ $జంక్ నాన్‌జంక్))

ఈ వరుసను కాస్త ఆగి చూడండి. 37 అనేది ఫోల్డర్‌లో ప్రస్తుత వరుస సంఖ్య. ముందున్న మెయిల్ ఒకటి తొలగిస్తే ఇది 36 అయిపోతుంది. 4512 యూఐడీ, అంటే ఆ ఫోల్డర్‌లో ఆ మెయిల్‌కు సర్వర్ ఇచ్చిన గుర్తింపు సంఖ్య; ఇలా తొలగించినా అది మారదు. దాచుకోవలసింది దీన్నే. ఇక ఫ్లాగ్‌లలో ఒకే మెయిల్ మీద జంక్ ఉంది, నాన్‌జంక్ కూడా ఉంది. ఇల్లు, ఆఫీసు, ఫోను మూడు చోట్ల మూడు ప్రోగ్రామ్‌లు వాడేవారి పెట్టెల్లో ఇలాంటివి మామూలే. ఒక ప్రోగ్రామ్ స్పామ్ అంది, ఇంకొకటి కాదంది. ఎవరి పేర్లు వారివి కాబట్టి ఒకరు పెట్టినదాన్ని మరొకరు చెరపలేదు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది తెలుసుకునే మార్గం లేదు, ఎందుకంటే ఏ ఫ్లాగ్‌ను ఎప్పుడు పెట్టారో ఐమ్యాప్ రాసిపెట్టుకోదు. డాలరు ఉన్న జంక్, నాట్‌జంక్ రెండూ ఒకే మెయిల్ మీద ఉంటే రెండూ లేనట్టే భావించాలని ఆర్‌ఎఫ్‌సీ 9051 తేల్చి చెప్పింది. డాలరు లేని పేర్లకూ అదే న్యాయం వర్తింపజేయడం మంచిది.

కీవర్డ్ ఉన్నంత మాత్రాన మనిషే నొక్కాడని కూడా అనుకోవద్దు. థండర్‌బర్డ్‌లో స్వయంగా నేర్చుకునే జంక్ ఫిల్టర్ నడుస్తుంటే, ఎవరూ ముట్టుకోకుండానే కీవర్డ్ పడవచ్చు.

ఐమ్యాప్‌లిబ్ వాడేవారికి ఒక హెచ్చరిక. ఫ్లాగ్‌లను, హెడర్‌ను ఒకే ఫెచ్‌లో అడిగితే జవాబు టపుల్‌లుగా, బైట్‌లుగా ముక్కలై వస్తుంది. ఫ్లాగ్‌లు హెడర్‌కు ముందు రావచ్చు, తర్వాతా రావచ్చు. ఆ క్రమం సర్వర్ ఇష్టం. తర్వాత వస్తే అవి టపుల్ అయిపోయాక వచ్చే చిన్న బైట్‌ల ముక్కలో, మూసే బ్రాకెట్ పక్కన ఉంటాయి. నెట్‌లో దొరికే ఉదాహరణలు చాలావరకు ఆ ముక్కను చూడకుండా పారేస్తాయి. ఒక సర్వర్‌లో చక్కగా నడిచిన ప్రోగ్రామ్ ఇంకో సర్వర్‌లో ఏ మెయిల్‌కూ ఫ్లాగ్‌లు లేవని చెప్పడానికి కారణం ఎక్కువసార్లు ఇదే. రెండు ముక్కలూ వెతకండి, లేదా ఫ్లాగ్‌లను విడిగా అడగండి.

4. హెడర్లు చదవండి, కానీ అనుమానంతో

ఫోల్డర్, కీవర్డ్ రెండూ మౌనంగా ఉన్నప్పుడు హెడర్ల వైపు వెళ్లాలి. మొత్తం మెయిల్‌ను దింపుకోనక్కర్లేదు. బాడీ, చుక్క, పీక్ అని రాసి, చదరపు బ్రాకెట్లలో హెడర్, చుక్క, ఫీల్డ్స్ అని, లోపల కావలసిన హెడర్ల పేర్లు ఇస్తే అవి మాత్రమే వస్తాయి. పీక్ అన్న మాట ముఖ్యం. అది లేకుండా సెలెక్ట్ చేసిన ఫోల్డర్‌లో అడిగితే సర్వర్ ఆ మెయిల్‌కు సీన్ ఫ్లాగ్ తగిలిస్తుంది.

ఏ హెడర్లు అడగాలన్నది ఫిల్టర్‌ను బట్టి ఉంటుంది. స్పామ్‌అసాసిన్ అయితే ఎక్స్-స్పామ్-స్టేటస్ ప్రతి మెయిల్‌కూ రాస్తుంది: మొదట అవును లేదా కాదు అన్న తీర్పు, తర్వాత స్కోరు, తర్వాత హద్దు, ఆ వెనుక ఏయే పరీక్షలు తగిలాయో వాటి పేర్లు. హద్దు మామూలుగా 5.0. ఎక్స్-స్పామ్-ఫ్లాగ్ అనే ఇంకో హెడర్‌ను స్పామ్ అని తేలిన వాటికే జోడించడం దాని సహజ అమరిక. కాబట్టి ఆ హెడర్ లేకపోవడం అంటే మెయిల్ మంచిదని కావచ్చు, ఫిల్టర్ అసలు నడవలేదనీ కావచ్చు. ఎక్స్-స్పామ్-స్టేటస్ ఉందో లేదో చూస్తే ఆ తేడా తెలిసిపోతుంది.

ఆర్‌స్పామ్‌డీ అయితే ఎక్స్-స్పామ్ అనే హెడర్‌లో అవును అని రాస్తుంది; మామూలు అమరికలో స్కోరు 6 దాటితే హెడర్ జోడిస్తుంది, 15 దాటితే మెయిల్‌ను తలుపు దగ్గరే తిప్పి పంపేస్తుంది. మైక్రోసాఫ్ట్ దారి వేరు. ఎక్స్-ఫోర్‌ఫ్రంట్-యాంటీస్పామ్-రిపోర్ట్ అనే పొడవాటి హెడర్‌లో ఎస్‌సీఎల్ అనే అంకె ఉంటుంది. మైనస్ 1 అంటే తనిఖీ దాటవేశారు, 0 లేదా 1 అంటే స్పామ్ కాదు, 5 లేదా 6 అంటే స్పామ్, 8 లేదా 9 అంటే గట్టి నమ్మకంతో స్పామ్. అదే హెడర్‌లో ఎస్‌ఎఫ్‌వీ ఎదురుగా ఎస్‌పీఎం అని ఉంటే ఫిల్టర్ స్పామ్‌గా ముద్ర వేసిందని.

హెడర్లను సర్వర్ వైపే వెతకమనడం కూడా సాధ్యమే: సెర్చ్, హెడర్, హెడర్ పేరు, వెతికే మాట. ఇక్కడ ఒక అందమైన ఉచ్చు ఉంది. ఐమ్యాప్ సెర్చ్ మాటను హెడర్ విలువలో ఎక్కడ కనిపించినా పట్టుకుంటుంది, చిన్న పెద్ద అక్షరాల తేడా చూడదు. ఎక్స్-స్పామ్-స్టేటస్‌లో "ఎస్" అన్న మాట కోసం, అంటే వై, ఇ, ఎస్ అనే మూడు అక్షరాల కోసం వెతికారనుకోండి. శుభ్రమైన మెయిల్ హెడర్ ఇలా ఉంటుంది:

నో, స్కోర్=-1.9 రిక్వైర్డ్=5.0 టెస్ట్స్=బేయెస్_00

బేయెస్ అనే పరీక్ష పేరును ఇంగ్లీషులో రాసి చూడండి: బి, ఏ, వై, ఇ, ఎస్. చివరి మూడక్షరాలూ మీరు వెతుకుతున్నవే! బేయెస్_00 తగిలిందంటే ఆ మెయిల్ స్పామ్ కాదని ఫిల్టర్ గట్టిగా నమ్ముతోందని అర్థం. మీ సెర్చ్ మాత్రం దాన్ని స్పామ్ ఖాతాలో రాస్తుంది. బేయెస్ పరీక్ష నడిచే సర్వర్‌లో ఈ లెక్కన పెట్టెలోని మెయిల్ అంతా స్పామ్ అయిపోతుంది. మూడక్షరాల తర్వాత కామా కూడా కలిపి వెతికితే ఈ బెడద తగ్గుతుంది, ఎందుకంటే పరీక్ష పేరులో వాటి తర్వాత వచ్చేది అండర్‌స్కోర్. అయినా తుది తీర్పుకు హెడర్‌ను తెచ్చుకుని మొదటి మాటను చూడటమే పద్ధతి. సెర్చ్‌ను ముందస్తు జల్లెడగా మాత్రమే వాడండి. పెద్ద పెట్టెల్లో హెడర్ సెర్చ్ సర్వర్‌కు భారం కూడా. ఇండెక్స్ లేకపోతే ఒక్కో మెయిల్‌నూ తెరిచి చూడాల్సి వస్తుంది. కీవర్డ్ సెర్చ్‌కు ఆ బాధ లేదు.

తెచ్చుకున్న హెడర్‌ను వరుసల వారీగా కోయవద్దు. పరీక్షల జాబితా పొడవైతే అది రెండు మూడు వరుసలకు మడత పడుతుంది. తర్వాతి వరుసలు ఖాళీ జాగాతోనో ట్యాబ్‌తోనో మొదలవుతాయి. పైథాన్ ఈమెయిల్ మాడ్యూల్‌కు అప్పగిస్తే అదే విప్పుతుంది.

ఇక అనుమానం సంగతి. హెడర్ అనేది మెయిల్‌లో భాగం, మెయిల్‌ను రాసింది పంపినవాడు. ఎక్స్-స్పామ్-ఫ్లాగ్ కాదు అని తనే రాసుకుని పంపడానికి స్పామర్‌కు అడ్డేముంది? స్పామ్‌అసాసిన్ తన గుర్తులు వేసేటప్పుడు అలాంటి పాత గుర్తులను తీసేస్తుంది. కానీ మీ సర్వర్‌లో వేరే ఫిల్టర్ ఉంటే, పంపినవాడు రాసిన అబద్ధం అలాగే మీ దాకా రావచ్చు. ఇంకో రకం చిక్కు: పంపినవారి సంస్థ తన బయటికి వెళ్లే మెయిల్‌కు నిజాయతీగానే స్కోరు వేసి ఉండవచ్చు. అది వాళ్ల తీర్పు, మీది కాదు.

దీనికి మందు ఏమిటంటే, ఒకే పేరుతో ఎన్ని హెడర్లు ఉన్నాయో అన్నిటినీ తీసుకోండి, ఒక్కటి తీసుకుని ఆగవద్దు. సర్వర్లు సాధారణంగా కొత్త హెడర్‌ను పైన జోడిస్తాయి. పై నుంచి చదువుతూ వస్తే, బయటి ప్రపంచం నుంచి మీ సర్వర్ ఈ మెయిల్‌ను అందుకున్నప్పుడు రాసిన రిసీవ్డ్ హెడర్ వస్తుంది. దానికి పైన ఉన్నవి మీ వైపు రాసినవి. కింద ఉన్నవి మెయిల్‌తో పాటు వచ్చినవి, వాటిని పట్టించుకోకండి. కొన్ని ఫిల్టర్లు తమ హెడర్‌ను ఈ రిసీవ్డ్‌కు కాస్త కింద పెట్టే అమరికలూ ఉంటాయి కాబట్టి, మీ సర్వర్‌కు వచ్చిన రెండు మూడు మెయిల్స్ మూలపాఠం తెరిచి కళ్లారా చూసి నియమం రాసుకోండి. స్పామ్‌అసాసిన్ తన చెకర్-వెర్షన్ హెడర్‌లో ఏ యంత్రం మీద నడిచిందో కూడా రాస్తుంది. దాన్ని పోల్చి చూడటం ఇంకా గట్టి ఆధారం.

5. తీర్పు చెప్పండి

జవాబు అవును, కాదు అని రెండే అనుకుంటే ప్రోగ్రామ్ తప్పుతుంది. తెలియదు అన్న మూడో జవాబుకు చోటు ఉంచండి. ఏ గుర్తూ లేని మెయిల్ మంచి మెయిల్ కాదు, గుర్తు లేని మెయిల్ అంతే.

నేను పాటించే వరుస ఇది. మొదట కీవర్డ్‌లు చూస్తాను. ఒకే వైపు ఉంటే, అవి ఫోల్డర్‌తో ఏకీభవిస్తే, అక్కడితో అయిపోయింది. కీవర్డ్‌లు లేకపోయినా, వాటిలో వాటికే పొసగకపోయినా ఫోల్డర్ మాట చెల్లుతుంది: జంక్ ఫోల్డర్‌లో ఉంటే స్పామ్. జంక్ ఫోల్డర్‌లో ఉండి నాట్‌జంక్ ఉన్నవి, ఇన్‌బాక్స్‌లో ఉండి జంక్ ఉన్నవి మాత్రం వివాదాస్పదం అని వేరు చేసి, చర్య తీసుకోకుండా మనిషికి చూపిస్తాను. ఇన్‌బాక్స్‌లో కీవర్డ్ లేకుండా ఉన్నప్పుడే హెడర్ దగ్గరికి వెళ్తాను. అక్కడ స్పామ్ అని ఉంటే, ఫిల్టర్ గుర్తు వేసినా డెలివరీ నియమం దాన్ని కదపలేదన్నమాట, లేదా వాడుకరి జంక్ నుంచి వెనక్కి తెచ్చుకున్నాడన్నమాట. రెండోది కూడా సాధ్యమే కాబట్టి హెడర్ ఒక్కదాన్నే చూసి ఏ మెయిల్‌నూ తొలగించకూడదు. తీర్పుతో పాటు దానికి కారణమైన ఆధారాన్ని కూడా లాగ్‌లో రాసిపెట్టుకుంటే, నా మెయిల్ ఎక్కడికి పోయింది అని ఎవరైనా అడిగినప్పుడు చెప్పడానికి మాట ఉంటుంది.

స్పామ్ అన్నిటినీ ఒకేసారి రాబట్టాలంటే సెర్చ్ కీవర్డ్ వాడండి. రెండు పేర్లు కావాలంటే ఆర్ అనే మాట ముందు వస్తుంది, తర్వాత రెండు షరతులు. మూడో పేరు కావాలంటే ఆర్ లోపల ఇంకో ఆర్ పెట్టాలి. అన్‌కీవర్డ్ అనే వ్యతిరేక షరతు కూడా ఉంది, కానీ అన్‌కీవర్డ్ జంక్ ఇచ్చేది గుర్తు లేనివాటిని, మంచివాటిని కాదు.

6. గుర్తు మార్చాలంటే

ఇప్పుడు ఫోల్డర్‌ను సెలెక్ట్‌తో తెరవాలి. యూఐడీ స్టోర్ కమాండ్‌లో ఫ్లాగ్స్‌కు ముందు ప్లస్ పెడితే ఉన్నవాటికి కొత్తది చేరుతుంది, మైనస్ పెడితే ఆ ఒక్కటి పోతుంది. ఏదీ పెట్టకపోతే పాతవన్నీ చెరిపి మీరిచ్చినవే ఉంచుతుంది. చదివిన గుర్తు, నక్షత్రం అన్నీ గల్లంతవుతాయి. జంక్ పెట్టేటప్పుడు నాట్‌జంక్, నాన్‌జంక్‌లను తీసేయడం మీ బాధ్యత.

కీవర్డ్ పెట్టినంత మాత్రాన సర్వర్ ఫిల్టర్ ఏమీ నేర్చుకోకపోవచ్చు. జీమెయిల్‌లో స్పామ్ అని తెలియజేయడం అంటే మెయిల్‌ను స్పామ్ ఫోల్డర్‌లోకి తరలించడమే. డవ్‌కాట్ సర్వర్లలో కూడా జంక్‌లోకి తరలింపును చూసి ఫిల్టర్‌కు పాఠం చెప్పే అమరిక చేసుకుంటారు. తరలించడానికి 2013 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6851 ఇచ్చిన మూవ్ కమాండ్ ఉంటే అదే వాడండి. లేకపోతే కాపీ, డిలీటెడ్ ఫ్లాగ్, ఎక్స్‌పంజ్ అని మూడు మెట్లు. యూఐడీప్లస్ ఉంటే యూఐడీ ఎక్స్‌పంజ్‌తో ఆ ఒక్క మెయిల్‌నే తీసేయండి. ఉత్త ఎక్స్‌పంజ్ ఆ ఫోల్డర్‌లో డిలీటెడ్ గుర్తున్న వాటినన్నిటినీ ఊడ్చేస్తుంది. జీమెయిల్ స్పామ్ ఫోల్డర్‌లోకి వెళ్లినవి 30 రోజుల తర్వాత వాటంతట అవే పోతాయని గుర్తుంచుకోండి.

7. మార్పులను వెంబడించండి

ఫోల్డర్ మారితే యూఐడీ కూడా మారుతుంది. మూవ్ చేసింది మీరే అయితే యూఐడీప్లస్ ఉన్న సర్వర్ కొత్త సంఖ్యను జవాబులోనే చెబుతుంది. వాడుకరి చేస్తే మెసేజ్-ఐడీ హెడర్‌తో జత కలుపుకోవాలి. జీమెయిల్‌లో ఎక్స్-జీఎం-ఎంఎస్‌జీఐడీ అనే సంఖ్య ఫోల్డర్ మారినా అలాగే ఉంటుంది కాబట్టి పని తేలిక. ఫోల్డర్ తెరిచిన ప్రతిసారీ, పాత యూఐడీలు ఇంకా చెల్లుతాయో లేదో చెప్పే యూఐడీవాలిడిటీ సంఖ్య పాతదేనా అని చూడండి. మారితే దాచుకున్న యూఐడీలన్నీ చెత్తబుట్టలో వేసి మొదటి నుంచి రావాల్సిందే.

పాత మెయిల్స్ మీద ఫ్లాగ్‌లు మారాయేమో తెలుసుకోవడానికి ప్రతిసారీ అన్నిటినీ అడగడం అనవసరం. కండ్‌స్టోర్ ఉన్న సర్వర్‌లో ప్రతి మార్పుకూ ఒక మాడ్‌సీక్ సంఖ్య పెరుగుతుంది. గతసారి చూసిన పెద్ద సంఖ్యను దాచుకుని, ఫెచ్ చివర ఛేంజ్‌డ్‌సిన్స్ అని ఆ సంఖ్య ఇస్తే, ఆ తర్వాత మారినవే వస్తాయి. మార్పు వచ్చినప్పుడు సర్వరే చెప్పేలా చేసే ఐడిల్ కమాండ్ వాడి కనిపెట్టుకుని ఉండాలంటే 29 నిమిషాలకోసారి దాన్ని ముగించి మళ్లీ మొదలుపెట్టండి. ఆ గడువు 1997 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2177లోనే ఉంది.

వేరే భాషల్లో రాసేవారికి

జావాలో జకార్తా మెయిల్ సిస్టమ్ ఫ్లాగ్‌లను, కీవర్డ్‌లను వేరు చేసి ఇస్తుంది. గెట్‌యూజర్‌ఫ్లాగ్స్ అడిగితేనే జంక్ కనిపిస్తుంది. డాట్‌నెట్‌లో మెయిల్‌కిట్ కీవర్డ్స్ అనే విడి జాబితా ఇస్తుంది, జంక్ ఫోల్డర్‌ను కూడా నేరుగా అందిస్తుంది. పీహెచ్‌పీలో పాత ఐమ్యాప్ ఎక్స్‌టెన్షన్ ఓవర్‌వ్యూ ఫంక్షన్ సిస్టమ్ ఫ్లాగ్‌లు తప్ప కీవర్డ్‌లు చూపదు. దాన్ని 8.4 నుంచి పీహెచ్‌పీలోంచే తీసి, ఎక్స్‌టెన్షన్లను విడిగా ఉంచే పెకల్‌కు పంపేశారు కూడా. కొత్తగా మొదలుపెట్టేవారు దాని జోలికి పోకుండా ఐమ్యాప్‌ను సొంతంగా మాట్లాడే లైబ్రరీ ఏదైనా ఎంచుకోవాలి.

పరీక్షించడం

అసలు స్పామ్ కోసం ఎదురుచూడనక్కర్లేదు. స్పామ్‌అసాసిన్‌ను పరీక్షించడానికే జీటీయూబీఈ అనే 68 అక్షరాల వరుస ఒకటి ఉంది. అది మెయిల్ లోపల ఉంటే ఫిల్టర్ 1000 స్కోరు వేస్తుంది. సొంత సర్వర్ నుంచి సొంత సర్వర్‌కే పంపుకోండి. మధ్యలో వేరే సంస్థ సర్వర్ ఉంటే అది అక్కడే ఆగిపోవచ్చు. వచ్చిన మెయిల్‌ను కాపీ చేసి నాలుగు రకాలుగా తయారు చేసుకోండి: జంక్ ఫోల్డర్‌లో ఒకటి, ఇన్‌బాక్స్‌లో డాలరు జంక్‌తో ఒకటి, రెండు వ్యతిరేక కీవర్డ్‌లతో ఒకటి, చేత్తో రాసిన అబద్ధపు హెడర్‌తో ఒకటి. చివరిదాన్ని అపెండ్ కమాండ్‌తో నేరుగా పెట్టెలో వేయవచ్చు. అపెండ్‌తో వేసినవాటిపై సాధారణంగా డెలివరీ ఫిల్టర్ నడవదు కాబట్టి మీరు రాసినది రాసినట్టే ఉంటుంది. ప్రోగ్రామ్ నడుపుతూ ఐమ్యాప్‌లిబ్ డీబగ్ స్థాయిని 4కు పెంచితే, సర్వర్‌తో జరిగే సంభాషణ అంతా తెర మీద కనిపిస్తుంది. ఫ్లాగ్‌లు ఏ ముక్కలో వచ్చాయో, పీక్ నిజంగా వెళ్లిందో లేదో అందులోనే తేలిపోతుంది. లాగిన్ వరుస కూడా పాస్‌వర్డ్‌తో సహా అందులో కనిపించవచ్చు. ఆ తెరను ఎవరికైనా పంపే ముందు దాన్ని చెరిపేయండి.